శౌరమ్మ నోరు కట్టుకున్న తపస్సు కాలం

భక్తులంటే నాకు పెద్ద గౌరవం లేదు. మా ఆయన ఉపేంద్ర ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాడు. చెప్పుల్లేకుండా నడుస్తాడు, చాప మీద పడుకుంటాడు, నన్ను కూడా "స్వామీ" అని పిలుస్తాడు. మాల తీసిన గంటలోనే సిగరెట్ కోసం చొక్కా జేబులు తడుముకుంటాడు. ఇలాంటి మనిషితో కాపురం చేస్తున్నదాన్ని. ఎదురింటి శౌరమ్మ తపస్సు కాలం గురించి నాకు భ్రమలెందుకుంటాయి?

ఎల్బీనగర్‌లో భిక్షపతి కట్టిన బిల్డింగులో మొదటి అంతస్తులో మా వాటా, శౌరమ్మ వాటా ఎదురెదురుగా ఉంటాయి. మేము తెనాలి వైపు వాళ్ళం. మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాడు. శౌరమ్మ వాళ్ళది నల్గొండ జిల్లాలో పల్లెటూరు, తాతల నాటి నుంచి కతోలికులు. ఆమె భర్త చిన్నప్ప ఒక స్కూలు బస్సు నడుపుతాడు. ఒక్కతే కూతురు, స్టెల్లా. డిగ్రీ చదువుతోంది. శౌరమ్మ ముందుగదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది.

బాగా కుడుతుంది, కాదనను. కానీ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఆమెకు పేరు తెచ్చింది కుట్టు కాదు, నోరు. టేపు పట్టుకుని కొలతలు తీస్తూనే మనిషిని పైనుంచి కిందదాకా విప్పి ఆరేసేది. నేను మొదటిసారి జాకెట్ గుడ్డ పట్టుకుని వెళ్ళినప్పుడు నా నడుం చుట్టూ టేపు తిప్పి, "ఆంధ్ర నుంచి నువ్వొచ్చి రెండేండ్లాయె, నీ నడుం ఇంక ఒస్తనే ఉన్నది బిందక్కా" అంది. "శౌరమ్మగారూ, మర్యాదగా మాట్లాడండి" అన్నాను. "మాకు గారెలు తినుడే తెలుసు. గారు అని పిలిపించుకునుడు తెల్వది" అంది. ఆ రోజునుంచి మా ఇద్దరికీ యుద్ధమే. నీళ్ళ దగ్గర, మెట్ల మీద, కరివేపాకు కోసం తలుపు కొట్టినప్పుడు కూడా. తెలంగాణ ఉద్యమం వేడెక్కాక యుద్ధానికి కొత్త సరుకు దొరికింది. నా చారును ఆమె "మీ ఆంధ్రోళ్ళ ఎర్ర నీళ్ళు" అనేది. నేను ఆమె పచ్చిపులుసును "పొయ్యి ఎక్కని బద్ధకం" అనేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ వీధిలో నాతో తెలివిగా మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. మిగతావాళ్ళు కిరాయిల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడేవారు.

మిలియన్ మార్చ్ జరిగిన ఏడు, దానికి ముందురోజే విభూది బుధవారం వచ్చింది. కతోలికులకు ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలం ఆ బుధవారంతోనే మొదలవుతుంది. పొద్దున్నే గుడికి వెళ్ళి నుదుటి మీద బూడిదతో సిలువ గుర్తు పెట్టించుకుని వస్తారు. ఈస్టర్ దాకా ఏదో ఒకటి మానేస్తారు. శౌరమ్మ ప్రతి ఏడూ చాయ్ మానేసేది. దాని ఫలితం ఇల్లంతా అనుభవించేది. చాయ్ లేని శౌరమ్మ కంటే ఆకలిగొన్న పులి నయం.

ఆ సాయంత్రం నేను కొత్తిమీర కోసం వాళ్ళింటికి వెళ్ళినప్పుడు తల్లీకూతుళ్ళు దీని గురించే మాట్లాడుకుంటున్నారు.

"ఈసారి గూడ చాయేనా అమ్మా?" అంది స్టెల్లా.

"చాయే. ఇంకేం ఇడిసిపెడ్త?"

"నువ్వు చాయ్ ఇడిస్తే తపస్సు నాకు, నాయినకు అయితది. నీకు గాదు. దమ్ముంటే ఎత్తిపొడుచుడు ఇడిసిపెట్టు."

మిషన్ ఆగింది. శౌరమ్మ కూతురి వంక చూసింది. "నేను ఎన్నడు ఎత్తిపొడిచిన?"

చిన్నప్ప మూలన కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆ మాట విని పేపరు ముఖానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు. నేను కొత్తిమీర కట్ట వాసన చూస్తూ నిలబడ్డాను.

"నీతోని గాదులే అమ్మా, చాయే ఇడిసిపెట్టు" అంది స్టెల్లా.

ఆ 'నీతోని గాదు' అన్న మాట సూటిగా తగిలింది. శౌరమ్మ నుదుటి మీద బూడిద సిలువ ఇంకా చెరిగిపోలేదు. దాన్ని తాకి, "ఈస్టర్ దాంక ఒక్కలను గూడ ఒక్క మాట అన. చూస్కో ఇగ" అంది.

అదీ సంగతి. పంతం మీద పుట్టిన భక్తి. నేను ఇంటికొచ్చి మా ఆయనతో, "రేపు మధ్యాహ్నం దాకా కూడా ఆగదు" అని పందెం కాశాను.

తెల్లవారితే మిలియన్ మార్చ్. టాంక్‌బండ్ చుట్టూ రోడ్లు మూసేశారు. బస్సులు ఆగిపోయాయి. కోచింగ్ సెంటర్‌కు తాళం పడింది కాబట్టి మా ఆయన టీవీ ముందు కూర్చుని రాజ్యాంగం గురించి గోడకు పాఠం చెబుతున్నాడు. స్టెల్లా ఫ్రెండ్ ఇంట్లో చదువుకుంటానని పొద్దున్నే వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి ఆ ఫ్రెండే స్టెల్లా కోసం ఇంటికి వచ్చింది. ఇంకేం చెప్పాలి? బిల్డింగు మొత్తానికి విషయం అర్థమైంది.

సాయంత్రం ఆ పిల్ల మూసారాంబాగ్ మీదుగా నడుచుకుంటూ ఇల్లు చేరింది. చెప్పు ఒకటి తెగింది. చున్నీ చిరిగింది. కళ్ళు బాష్పవాయువుకు ఎర్రగా వాచి ఉన్నాయి. మెట్లెక్కుతుంటే పైనుంచీ కిందనుంచీ తలుపులు తెరుచుకున్నాయి. పైవాటావాళ్ళకు అప్పుడే చెత్తబుట్ట గుర్తొచ్చింది. ఓనరు భిక్షపతి మీటరు చూసే వంకతో వచ్చాడు. నేను ఆరిన బట్టల్నే మళ్ళీ ఆరేస్తూ నిలబడ్డాను. శౌరమ్మ గడపలో ఉంది, నడుం మీద చేతులు పెట్టుకుని. ఆమె నోరు తెరిచింది. మేమందరం ఊపిరి బిగబట్టాం.

నోరు మూసుకుంది. మళ్ళీ తెరిచింది. "అన్నం తిన్నవా?" అంది.

అంతే. పక్కకు జరిగి కూతురికి దారిచ్చింది. భిక్షపతి మీటరు వంక ఇంకాసేపు చూసి నిరాశగా దిగిపోయాడు. కాసేపటికి వాళ్ళింట్లోంచి వేడినీళ్ళు బకెట్లో పోస్తున్న చప్పుడు, ఆ తర్వాత స్టెల్లా గొంతు వినిపించాయి. చాలాసేపు ఆ పిల్ల గొంతే వినిపించింది.

మర్నాడు నీళ్ళ దగ్గర శౌరమ్మ నాతో రహస్యం చెప్పినట్టు చెప్పింది.

"ఇన్నేండ్ల సంది తిట్టిన బిందక్కా. ఒక్క ముచ్చట గూడ చెప్పలే. రాత్రి ఉప్పునీళ్ళల్ల కాళ్ళు పెట్టుకోని అన్నీ చెప్పింది. ఎట్ల పోయింది, ఎవల చేయి పట్టుకోని ఉరికింది, ఎంత భయమైంది. నేను నోరు మూస్తే అది నోరు తెరిచింది."

"ఇదో పెద్ద విజయమా?" అన్నాను. కావాలనే. ఆమె ఏమంటుందో చూద్దామని.

ఆమె బిందె ఎత్తుకుని, "నాకు పెద్దదే" అని వెళ్ళిపోయింది. నేను పందెం ఓడిపోయాను. మా ఆయన దాన్ని వారం రోజులు గుర్తుచేశాడు.

ఆ తర్వాత బిల్డింగులో జీవితం చప్పబడిపోయింది. శౌరమ్మ కొత్త పద్ధతి ఒకటి కనిపెట్టింది. ఎవరినైనా ఒక మాట అనాలనిపించగానే నాలుగు గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకునేది. మిషన్ దగ్గర ఆమె నోట్లో సూదులు లేని సమయం చాలా తక్కువగా కనిపించేది. జాకెట్లకు వచ్చేవాళ్ళు కంగారుపడిపోయారు. "ఆమె ఏమీ అనలేదు. గుడ్డ పాడుచేసిందేమో" అని ఒకావిడ నా దగ్గరకొచ్చి వాపోయింది. ఇంకొకావిడకు ఒళ్ళు తగ్గిందేమోనని అనుమానం వచ్చింది. చిన్నప్ప అయితే ఒకరోజు డ్యూటీ మానేసి భార్యను దవాఖానకు తీసుకుపోయాడు. పాతికేళ్ళు తిట్లు తిని, అవి ఆగిపోగానే జబ్బు చేసిందనుకునే మగవాణ్ణి ఏమనాలి? డాక్టరు బీపీ చూసి మునుపటికంటే మంచిగా ఉందని చెప్పాడట. చిన్నప్పకు అప్పటికీ నమ్మకం కుదరలేదు.

ఒకసారి మాత్రం ఆమె జారింది. భిక్షపతి నీళ్ళ మోటారు ఆపేసి, "బంద్ నడుస్తున్నది గద, కరెంట్ లేదు" అన్నాడు. పైన అతని ఇంట్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు కిందికి వినపడుతూనే ఉంది. "అన్నా, నీ ఫ్యాను తెలంగాణ ఇయ్యకముందే తిరుగుతున్నది, మోటారుకు మాత్రం ఉద్యమం గుర్తొచ్చిందా?" అనేసింది శౌరమ్మ. మేమందరం పండగ చేసుకోబోయాం. కానీ ఆమె అరగంటలో పైకి వెళ్ళి భిక్షపతి గడపలో నిలబడి, "తప్పైంది అన్నా. ఎక్కిరియ్యనని మొక్కుకున్న. నోరు జారింది" అని చెప్పి దిగివచ్చింది. ఇల్లు కట్టిన ఇన్నేళ్ళలో భిక్షపతికి కిరాయిదారు ఎవరూ తప్పైందని చెప్పలేదు. తప్పు తనదైనప్పుడైతే అసలే లేదు. ఆయన ఏం చేయాలో తోచక మోటారు వేశాడు. ట్యాంకు నిండి పొంగి మెట్ల మీదుగా కారేదాకా ఆపలేదు.

ఆమె గెలుపులన్నీ ఇలాంటివే. బకెట్ నీళ్ళు, గిన్నెడు అన్నం, నాలుగు సూదులు. నేను చూసి పెదవి విరిచేదాన్ని. కానీ చూడ్డం మానలేదు.

తపస్సు కాలంలో ప్రతి శుక్రవారం ఎవరో ఒకరి ఇంట్లో సిలువ మార్గం జరుగుతుంది. యేసు సిలువ మోసిన దారిని పద్నాలుగు స్థలాలుగా తలుచుకుంటూ చేసే ప్రార్థన అది. ఒక్కో స్థలం ఒక్కొక్కరు చదువుతారు. మూడో శుక్రవారం శౌరమ్మ ఇంటి వంతు వచ్చింది. నేను నా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తలుపులు ఎదురెదురుగా ఉన్నాక చూడకుండా ఎలా ఉంటాం?

వాళ్ళ గుడిలో ఆడవాళ్ళ సంఘానికి పెద్ద రోజ్‌లిన్ మేడమ్. గుంటూరు వైపు మనిషి, వనస్థలిపురంలో సొంతిల్లు, కారు. ఆ ఏడు తను మాంసం, బంగారం, సీరియళ్ళు మూడూ వదిలేశానని మొదటి రోజే అందరికీ చెప్పింది. మాంసంలోకి రొయ్యలు రావట. ఆమె ఒంటి మీద మిగిలిన రెండు గొలుసులూ జపమాలలట. అవి బంగారంతో చేయించినవే అయినా. సీరియళ్ళ సంగతి నాకు తెలియదు.

నాలుగో స్థలం శౌరమ్మ చదవాలి. యేసు తన తల్లికి ఎదురుపడే చోటు. పుస్తకం పట్టుకుని మొదటి వాక్యం చదివింది. తర్వాత ఏమైందో గానీ, పుస్తకం మీంచి చూపు పైకెత్తి సొంత మాటల్లో అందుకుంది.

"తల్లి గా గుంపుల కొడుకును చూసింది. పోలీసోళ్ళు నూకుతుండ్రు. దగ్గరికి పోనిస్తలేరు. అయ్యో బిడ్డా, అన్నం తిన్నవో లేదో అనుకున్నది..."

"శౌరమ్మా" అంది రోజ్‌లిన్ మేడమ్, చెయ్యి పైకెత్తి. "పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవమ్మా. ఆ యాస ప్రార్థనకి బాగోదు. ధర్నాకైతే సరిపోతుంది."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. స్టెల్లా లేచి నిలబడింది. శౌరమ్మ కూతురి చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఆ ముఖం నాకు స్పష్టంగా కనిపిస్తోంది. దాని వెనుక ఎన్ని మాటలు వరసలో నిలబడి తోసుకుంటున్నాయో నాకు తెలుసు. ఆ నోటితో రెండేళ్ళు యుద్ధం చేసినదాన్ని. రొయ్యల మీద ఒకటి, గొలుసుల మీద ఒకటి, మా గుంటూరు జిల్లా మొత్తం మీద మూడో నాలుగో.

"మంచిదక్కా. నువ్వే సదువు" అని పుస్తకం అందించింది.

రోజ్‌లిన్ మేడమ్ చక్కగా చదివింది, రేడియోలో వార్తల్లాగా. ప్రార్థన అయ్యాక శౌరమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, ఉప్పు తక్కువైందని చెప్పి, సంచిలోంచి పట్టు గుడ్డ, కొలత జాకెట్ తీసి మిషన్ మీద పెట్టింది. "మట్టల ఆదివారానికి కావాలి. పోయినసారిలా ఆలస్యం చేయకు." ఇంట్లో నిలబెట్టి అవమానించిన మనిషికే జాకెట్ పని అప్పజెప్పడానికి ఒక రకం భక్తి ఉండాలి. నాకది లేదు.

మర్నాడు శౌరమ్మ ఆ పట్టు గుడ్డ పరిచి సుద్ద గీతలు గీస్తుంటే నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"చంక దగ్గర అరంగుళం తగ్గించండి" అన్నాను. "ప్రార్థనకి చేతులు జోడించినప్పుడల్లా మీరే గుర్తొస్తారు."

శౌరమ్మ కత్తెర ఎత్తింది. గీత మీద పెట్టింది. గీతకు కొంచెం లోపలికి జరిపింది. అక్కడ కాసేపు ఆగింది. ఆ ఆలోచన ఎంత నచ్చిందో కళ్ళలో తెలుస్తోంది. తర్వాత కత్తెరను మళ్ళీ గీత మీదికి తెచ్చి నేరుగా కోసింది.

"గుడ్డ ఏం పాపం చేసింది?" అంది. "నువ్వు సైతానుకు సొంత చెల్లెవు బిందక్కా" అని గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇది ఎత్తిపొడుపు కిందికి రాదు. ఉన్న మాటే."

ఆ మాటకు నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఆ తర్వాతి శుక్రవారం బంద్. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండి, అక్కడే తిని, దారి బంద్ చేస్తారు. స్టెల్లా పోతున్నానని పొద్దున్నే చెప్పి మరీ వెళ్ళింది. ఎండ ఎక్కాక శౌరమ్మ ఫోను మోగింది.

"అమ్మా, కిచిడి అడుగంటుతున్నది. ఈడ ఒక్కలకు గూడ వంట రాదు. జర రావా?"

ఉద్యమంలోకి తల్లికి చెప్పకుండా పారిపోయిన పిల్ల, ఉద్యమంలోంచి తల్లికి ఫోను చేసింది. శౌరమ్మ కొంగు బిగించింది. నేనూ వస్తానన్నాను. మా ఆయన తలుపు గడియ వేసి, టీవీ గొంతు తగ్గించి, "మనం ఆంధ్రావాళ్ళం, గడప దాటకు" అని గుసగుసగా ఆజ్ఞాపించాడు. గడియ తీసుకుని బయటికి వచ్చాను.

"నువ్వు నోరు తెరువకు, అంతే" అంది శౌరమ్మ మెట్లు దిగుతూ. "నేను ఇన్నొద్దుల సంది తెరుస్తున్ననా? అలవాటయితది."

చౌరస్తాలో మూడు బండరాళ్ళ మీద పెద్ద గంజు ఉంది. కింద మంట ఆకాశానికి లేస్తోంది. పక్కన ఒకాయన మైకులో అరవై ఏళ్ళ దోపిడీ గురించి మాట్లాడుతున్నాడు. ఆ దోపిడీని లెక్కకట్టడంలో మునిగి గంజులో గరిటె తిప్పేవాడు ఒక్కడూ లేడు. మాడు వాసన అవతల విక్టోరియా మెమోరియల్ స్కూలు దాకా పోయి ఉంటుంది. శౌరమ్మ గంజులోకి తొంగి చూసింది. చుట్టూ నిలబడ్డ కుర్రాళ్ళను చూసింది. 'గంజెడు బియ్యం ఉడికించరాదు, రాష్ట్రం ఏలుతరా' అన్న మాట ఆమె పెదవి చివరి దాకా వచ్చి ఆగడం నేను కళ్ళారా చూశాను. ఏమీ అనకుండా మంట తగ్గించి, మాడింది కదలకుండా పైపైన తీసి వేరే గిన్నెలోకి మార్చింది.

ఒక కుర్రాడు నా దగ్గరకొచ్చి, "అక్కా, మీది ఏ ఊరు?" అన్నాడు. నేను ఒక్క మాటంటే చాలు, మూడు తరాల తెనాలి బయటపడుతుంది.

"మా ఇంటామె. గొంతు పోయింది. ఉల్లిగడ్డలు తెచ్చియ్యి పో" అంది శౌరమ్మ తల ఎత్తకుండానే.

అప్పుడు వనస్థలిపురం వైపు నుంచి తెల్ల కారు ఒకటి వచ్చి ఆగింది. గుంపు చుట్టుముట్టింది. "జై తెలంగాణ అను, పో" అని ఎవరో బానెట్ మీద కొట్టారు. వెనక సీట్లో రోజ్‌లిన్ మేడమ్. అద్దాలు పైకెత్తి, బంగారు జపమాల గుప్పెట్లో బిగించి, నాలుగో స్థలం చదివిన ఆ నోరు గట్టిగా మూసుకుని కూర్చుంది.

నేను చాలా సంతోషించాను. దాచుకోవడం ఎందుకు? శౌరమ్మ గరిటె వదిలి కారు దగ్గరికి నడుస్తుంటే వెంట పరుగెత్తాను. ఈ ఒక్క సందర్భానికి దేవుడైనా సెలవిస్తాడనుకున్నాను.

రోజ్‌లిన్ మేడమ్ అద్దం రెండు వేళ్ళంత దించింది. "శౌరమ్మా, వీళ్ళకి చెప్పమ్మా. మనది ఒకే చర్చి అని చెప్పు."

"మా అక్కరా" అంది శౌరమ్మ కుర్రాళ్ళతో. "ఒక్కపొద్దున్నది. గుడికి పోతున్నది. ఇడువుండ్రి."

"జై తెలంగాణ అనమను పెద్దమ్మా. ఇప్పుడే ఇడుస్తం."

శౌరమ్మ అద్దం సందులోంచి లోపలికి చూసింది. రోజ్‌లిన్ మేడమ్ జపమాలను ఇంకా గట్టిగా బిగించింది. అనలేదు. భయమో, పొగరో, రెండూనో.

"ఆమెతోని అనిపిస్తే మీకేమొస్తది?" అంది శౌరమ్మ. "మనసుల లేని మాట నోట్లకెల్లి గుంజితే తెలంగాణ ఒస్తదా? ఆమె బదులు నేనంట." కారు పక్కనే నిలబడి, చెయ్యెత్తి, వీధిలో మేమందరం మూడు వారాలుగా వినని గొంతుతో "జై తెలంగాణ!" అని అరిచింది. మైకులో మాట్లాడుతున్నాయన కూడా ఆగిపోయాడు. కుర్రాళ్ళు నవ్వి, అందుకుని, దారి ఇచ్చారు.

కారు కదిలింది. రెండు గజాలు పోయి ఆగింది. రోజ్‌లిన్ మేడమ్ అద్దం ఇంకొంచెం దించి వెనక్కి తిరిగింది. కృతజ్ఞత చెప్పబోతోందని నేను కూడా అనుకున్నాను.

"బ్లౌజు మట్టల ఆదివారానికి అందుతుంది కదా?" అంది.

"అందుతదక్కా" అంది శౌరమ్మ.

తిరిగి వస్తుంటే దారిలో నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒక్క మాట! ఒక్కటైనా అనలేదేం?"

"అన్న" అంది. "లోపట శాన అన్న. అన్నీ యేసయ్యకు అప్పజెప్పిన. ఆమెకు చెప్పుడు చెప్పకపోవుడు ఆయనిష్టం."

ఈస్టర్‌కు ముందువారం వచ్చే మట్టల ఆదివారం నాడు రోజ్‌లిన్ మేడమ్ ఆ పట్టు జాకెట్ వేసుకుని, చేతిలో ఈత మట్ట పట్టుకుని ఊరేగింపులో అందరికంటే ముందు నడిచింది. ఎవరో జాకెట్ బాగుందంటే హిమాయత్‌నగర్‌లో బొటిక్‌లో కుట్టించానని చెప్పిందట. స్టెల్లా ఇంటికొచ్చి భగ్గుమంది. "పోయి అందరి ముంగట కడుగుదాం పా అమ్మా. ఈసారి నేనే చెప్తున్న, నోరు తెరువు."

"చంకల మంచిగ కుదిరిందా?" అని అడిగింది శౌరమ్మ.

"కుదిరింది. అదేం పరేషాన్ నీకు?"

"భుజం కాడ ముడత?"

"లేదు."

"ఇగ చాలు" అని మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఆ పిల్ల తల్లిని చూసిన చూపు నేను గమనించాను. కోపంగా మొదలై, మధ్యలో ఏదో అయిపోయింది. చివరికి స్టెల్లా వెళ్ళి బొత్తాలు కుట్టడానికి తల్లి పక్కన కూర్చుంది. ఎప్పుడూ సూది ముట్టని పిల్ల.

ఈస్టర్ వచ్చింది. ఆ పొద్దున బిల్డింగు మొత్తం తొందరగా లేచింది. శౌరమ్మ కుటుంబం గుడి నుంచి తిరిగి వచ్చేసరికి మెట్ల మీద జనం ఉన్నారు. ఆమె నిరాశపరచలేదు. గేటు దగ్గరే భిక్షపతి దొరికాడు. అతని మోటారు, ఫ్యాను, కిరాయి పెంచుతానని వేసిన ఎత్తు అన్నీ కలిపి ఒకే ఊపిరిలో ఉతికి ఆరేసింది. భిక్షపతి ముఖం చుట్టాలను చూసినవాడిలా వెలిగిపోయింది. కొత్త చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నందుకు చిన్నప్పకు మెట్టు మెట్టుకూ ఒకటి పడింది. అతను ఆనందంగా గుండీలు సర్దుకున్నాడు. ఇక నా గుమ్మంలోకి మటన్ గిన్నెతో వచ్చి, మా ఇంట్లోకి తొంగి చూసి, "మీ సారు ఇంక గడియ ఏసుకోనే ఉన్నడా? తెలంగాణ ఒచ్చినంక ఎవలన్న చెప్పుండ్రి, బయటికొస్తడు" అంది. మా ఆయన లోపలినుంచి విన్నాడు. నేను పగలబడి నవ్వాను.

అందరి వంతూ అయింది. స్టెల్లా వంతే మిగిలింది. శౌరమ్మ తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్ళాక, వాళ్ళింట్లోంచి బగారా అన్నం వాసన వస్తుండగా ఆ పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడి అంది.

"అమ్మా, రేపు ఉస్మానియాల మీటింగున్నది. పోతున్న."

నేను మటన్ గిన్నె పట్టుకుని కదలకుండా నిలబడ్డాను. మొక్కు తీరిపోయింది. ఏమన్నా ఆపేవాళ్ళు లేరు. శౌరమ్మ మూత తీసి ఉప్పు చూసింది. మళ్ళీ మూత పెట్టింది.

"ఎవరెవరు పోతుండ్రు?" అని అడిగింది.

స్టెల్లా చెప్పింది. పేర్లు చెప్పింది. ఏ బస్సుకు పోయేదీ, ఎక్కడ దిగేదీ చెప్పింది. అడగకుండానే వాళ్ళలో ఒక అబ్బాయి గురించి కూడా కాస్త ఎక్కువగానే చెప్పింది. శౌరమ్మ వింటూ ప్లేట్లు పరిచింది. నేను చల్లారిపోతున్న మటన్ పట్టుకుని, నా తలుపు తీసే ఉంచి, చివరిదాకా విన్నాను.